మరిసెల కోసం దమయంతి చేసిన ఫోన్లు

దమయంతికి పన్ను పీకడం వచ్చు గాని, పీకినందుకు డబ్బడగడం రాదు. టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో ఇండియన్ సరుకుల కొట్ల వరసలో ఆవిడ డెంటల్ క్లినిక్ పెట్టి పదేళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో ఒక్క పేషెంటుతోనైనా "మీ బిల్లు ఇంతయింది" అని తన నోటితో అన్నది లేదు. రూట్ కెనాల్ చేయించుకున్నాయన కుర్చీలోంచి లేచి, మొద్దుబారిన మూతితోనే "ఎంతివ్వాలి డాక్టర్?" అని అడిగితే చాలు, ఆవిడకి ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. గ్లవ్స్ విప్పుకుంటూ, ఎక్స్‌రేలు సర్దుకుంటూ, "బయట మరిసెల ఉంది, తను చెబుతుంది" అనేసి పక్క గదిలోకి తప్పుకునేది.

ఇది పెంపకంలో వచ్చిన గుణం. అంబాజీపేటలో ఆవిడ తండ్రి బడిపంతులు. ఇంట్లో కాఫీపొడి నిండుకుంటే ఆ పూటకి కాఫీ మానేసేవారే తప్ప, గ్లాసు పుచ్చుకుని పక్కింటికి వెళ్ళడానికి తల్లి ఒప్పుకునేది కాదు. "పెట్టే చెయ్యి పైన, పుచ్చుకునే చెయ్యి కింద. మన చెయ్యి కిందికి దిగకూడదు" అనేది. ఆ మాట దమయంతి ఒంట్లో ఇంకిపోయింది.

మరిసెల ఓంటివేరోస్ ఆ క్లినిక్‌కి మేనేజరు. నలభై దాటిన మనిషి. పుట్టింది మెక్సికో సరిహద్దు ఊరు లారెడోలో. భర్త ఏసీలు రిపేరు చేస్తాడు, ఇద్దరాడపిల్లలు. ఎప్పుడూ నవ్వు మొహమే గాని, ఎంత గడుసు పేషెంటుకైనా ఆవిడ ముందు పప్పులుడకవు. ముందు పిల్లల చదువులడిగేది, తరవాత తల్లి మోకాళ్ళ నొప్పులడిగేది, ఆ తరవాత అదే గొంతుతో "ఇవాళ కార్డా, చెక్కా?" అనేది. మూడో దారి ఉండేది కాదు. కేకలు వేస్తూ వచ్చిన లాయరు కూడా థాంక్స్ చెప్పి మరీ చెక్కు రాసి వెళ్ళేవాడు. మరిసెలే లేకపోతే క్లినిక్ ఎప్పుడో మూతపడేదని దమయంతి భర్త ఉమాకాంత్ కనపడ్డవాళ్ళందరికీ చెప్పేవాడు.

2013 జనవరిలో ఒక సోమవారం, లంచ్ వేళ, మరిసెల తన డబ్బా మూత తియ్యకుండానే కూర్చుంది.

"డాక్టర్, మీకో సంగతి చెప్పాలి. నేను ఎలక్షన్‌లో నిలబడదామనుకుంటున్నాను."

దమయంతి చేతిలో పెరుగన్నం చెంచా నోటి దాకా వచ్చి ఆగిపోయింది. "ఏ ఎలక్షన్?"

"మా ఊరి సిటీ కౌన్సిల్‌కి. మే నెలలో."

మరిసెల వాళ్ళది ఇర్వింగ్‌ని ఆనుకుని ఉన్న ఆల్డర్ క్రీక్ అనే చిన్న ఊరు. అక్కడున్నదల్లా ఒక హైస్కూలు, రెండు గ్యాస్ స్టేషన్లు, ఒక పార్కు, పార్కులో ఊరందరిదీ ఒక స్విమ్మింగ్ పూల్. టెక్సస్ ఎండల్లో అపార్ట్‌మెంట్ల పిల్లలకి ఆ పూలే దిక్కు. కిందటేడు రిపేర్ల పేరు చెప్పి దాన్ని మూసేశారు. ఇప్పుడు ఏకంగా మట్టితో పూడ్చేసి, ఆ స్థలం గోడౌన్లు కట్టే కంపెనీకి అమ్మేద్దామని కౌన్సిల్ ఆలోచన. మరిసెల మీటింగుకి వెళ్ళి మైకు ముందు నిలబడింది. తన పిల్లలిద్దరూ అక్కడే ఈత నేర్చుకున్నారని, పూల్ లేకపోతే పిల్లలు వాగులోకి దిగుతారని చెప్పింది. ఆవిడుండే పేటకి మెంబరు హార్లన్ అని ఒక టైర్ల షాపాయన. అంతా విని, "థాంక్యూ మ్యామ్, నెక్స్ట్" అన్నాడు.

"ఆ 'నెక్స్ట్' ఇంకా నా చెవిలో ఉంది" అంది మరిసెల. "మా ఊళ్ళో సగం ఇళ్ళల్లో స్పానిష్ మాట్లాడతారు డాక్టర్. ఆ బల్ల వెనక మాలాంటి ఆడది ఒక్కతి కూడా ఎప్పుడూ కూర్చోలేదు. ఎవరో కూర్చుంటారని ఎన్నాళ్ళు చూస్తాను?"

"చాలా మంచి ఆలోచన" అంది దమయంతి. "మరి... క్లినిక్?"

మరిసెల పకపకా నవ్వింది. "కౌన్సిల్ మీటింగులు సాయంత్రాలే. జీతం కూడా లేదు. మిమ్మల్ని వదిలి ఎక్కడికీ పోను."

ఆ సాయంత్రం ఇంట్లో ఈ సంగతి చెబితే ఉమాకాంత్ కంటే ముందు అత్తగారు అందుకుంది. రాజేశ్వరమ్మ కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండి వెళదామని విజిటర్ వీసా మీద వచ్చింది. అమెరికాలో తనకి అర్థమయ్యే విషయం ఇన్నాళ్ళకి ఒకటి దొరికింది.

"ఎలక్షనంటే మాటలుటే అమ్మాయ్? మా పెద్దన్నయ్య పంచాయతీ ప్రెసిడెంటుకి నిలబడి రెండెకరాల కొబ్బరితోట అమ్ముకున్నాడు. ఆ పిల్లకి తోటుందా?"

"లేదత్తయ్యగారూ."

"మరెలా నిలబడుతుంది?"

దమయంతికీ అదే అనుమానం. మర్నాడు మరిసెలనే అడిగింది. అప్పుడు తెలిసింది, మద్రినా సర్కిల్ అని ఒకటుందని.

మద్రినా అంటే, చర్చిలో బిడ్డకి పేరు పెట్టేటప్పుడు పక్కన నిలబడి, ఆ తరవాత కన్నతల్లితో సమానంగా ఆ బిడ్డ మంచిచెడ్డలు చూసుకునే ఆవిడ. ఒఫీలియా బారియెంతోస్ అనే రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ ఆ పేరుతో ఒక బృందం మొదలుపెట్టింది. డెబ్భై దాటిన ఆ పెద్దావిడ ఒకప్పుడు తానూ స్కూల్ బోర్డుకి నిలబడి ఓడిపోయింది. ఓడిన మర్నాడు ఒకాయన కలిసి, "అందరిలోకీ మీరే మంచి క్యాండిడేటు, కాని మీరు నిలబడ్డ సంగతే నాకు తెలీలేదు" అన్నాట్ట. తెలియాలంటే బోర్డులుండాలి, బోర్డులకి డబ్బుండాలి. అందుకని ఆవిడ తనలాంటి ఆడవాళ్ళని పోగేసింది. లాయర్లు, నర్సులు, ఒక బేకరీ యజమానురాలు, ఒక రిటైరైన జడ్జి. అందరూ చందాలు పోగుచేసి, టెక్సస్‌లో చిన్న చిన్న ఊళ్ళలో కౌన్సిల్‌కో స్కూల్ బోర్డుకో నిలబడే లాటినా ఆడవాళ్ళకి, అంటే మరిసెలలాంటి స్పానిష్ మాట్లాడే కుటుంబాలవాళ్ళకి, మొదటి చెక్కు ఇస్తారు.

అయితే దానికో షరతుంది. ఆ చెక్కు చేతిలో పడేలోపు క్యాండిడేటు తనకి తెలిసినవాళ్ళకి తానే ఫోన్లు చేసి కొంత పోగుచెయ్యాలి. "ఎరిగినవాళ్ళు ఇవ్వనిది ఎరగనివాళ్ళెందుకిస్తారు?" అని ఒఫీలియా వాదన. ఎలా అడగాలో ట్రైనింగు కూడా ఆవిడే ఇస్తుంది.

"శనివారం ట్రైనింగు. మీరు తోడొస్తారా డాక్టర్?" అంది మరిసెల. "నాకు భయంగా ఉంది."

లాయర్ల చేత బిల్లులు కట్టించిన మనిషికి భయమేమిటో దమయంతికి అంతుబట్టలేదు. అయినా వెళ్ళింది.

డాలస్‌లో ఆ బేకరీ వెనక గదిలో అప్పుడే దింపిన తియ్యటి రొట్టెల వాసన గుప్పుమంటోంది. పిండి బస్తాల మధ్య ఒక బల్ల, బల్ల మీద ఒక ఫోను. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు. తెల్లజుట్టు ముడి వేసుకున్న ఒఫీలియా, బడిలో పిల్లని లేపినట్టు మరిసెలని లేపి ఫోను ముందు కూర్చోబెట్టింది.

"ఎవరికి చేస్తావు?"

"మా బాబాయి కూతురు బెట్టీకి."

"నేనున్నానని మర్చిపో. చెయ్యి."

మరిసెల నంబరు నొక్కింది. "ఓలా బెట్టీ! ఎలా ఉన్నావు?... అవునా!... అయ్యో, అలాగా... మంచి పనేగా... తప్పకుండా. రెండు తీసుకుంటాను" అని ఫోను పెట్టేసింది.

"ఏమయింది?" అంది ఒఫీలియా.

"వాళ్ళ చర్చిలో లాటరీ టిక్కెట్లు అమ్ముతున్నార్ట. రెండు కొన్నాను."

గది గదంతా ఘొల్లుమంది. రెండో ఫోను భర్త పనిచేసే కంపెనీ ఆయనకి. ఆయన భోజనం చేస్తున్నానంటే మరిసెల సారీ చెప్పింది, మళ్ళీ చెప్పింది, తరవాత చేస్తానని పెట్టేసింది. మూడో నంబరు నొక్కబోయి, చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళల్లో నీళ్ళు.

"నా వల్ల కాదు. క్లినిక్‌లో నేనడిగేది డాక్టర్ డబ్బు. ఆవిడ పనిచేసింది, ఆవిడకి రావాలి. అందుకని ఎవరినైనా అడుగుతాను. ఇది నాకోసం. 'నేను గొప్పదాన్ని, నాకివ్వండి' అన్నట్టుంటుంది. నోరు పెగలడం లేదు."

ఒఫీలియా ఆవిడకి ఒక రొట్టె అందించి, దమయంతి వైపు తిరిగింది. "మీరు చెయ్యగలరా?"

దమయంతికి నవ్వొచ్చింది. గ్లవ్స్ సర్దుకునే సంగతి, పక్క గదిలోకి పారిపోయే సంగతి దాచకుండా చెప్పేసింది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు మళ్ళీ నవ్వారు. ఒఫీలియా మాత్రం నవ్వలేదు.

"మీరు అడగలేనిది ఎవరి కోసం?"

"నాకోసం."

"ఈవిడ?"

"తనకోసం."

"మరింకేం?" అంది ఒఫీలియా, లెక్క తేలిపోయినట్టు చేతులు దులుపుకుంటూ. "మీరు ఈవిడ కోసం అడగండి. మీరు అడుగుతూంటే చూసి ఈవిడ కూడా నేర్చుకుంటుంది."

దమయంతి, "మా భాషలో ఒక సామెతుంది. అడగందే అమ్మయినా పెట్టదని" అంది.

"మా వాళ్ళూ అంటారు. ఏడవని బిడ్డకి పాలు దొరకవని."

"కాని నేను లాటినాని కాను కదా. ఆ ఊళ్ళో నాకు ఓటు కూడా లేదు."

"క్యాండిడేటు లాటినా అయితే చాలు. మద్రినా ఎక్కడ పుట్టిందో మేం అడగం. పనిచేస్తుందా లేదా అంతే."

అలా దమయంతి ఆ బృందంలో చేరింది. చేరినంత తేలిక కాలేదు అడగడం. తన ఇంట్లో ఒక పార్టీ ఇచ్చి, తెలుగువాళ్ళని పిలిచి, మరిసెలని పరిచయం చేసి చందాలడుగుతానని ఒప్పుకుంది. మొదటి ఫోను డాక్టర్ రామమోహనరావు గారికి. 1970ల్లో అమెరికా వచ్చి స్థిరపడిన గుండె డాక్టరాయన. ఆయన చందా వేస్తే తక్కినవాళ్ళూ వేస్తారని తెలుగువాళ్ళలో పేరు. ఎవరూ వినకుండా దమయంతి క్లినిక్ బయట కార్లో కూర్చుని చేసింది.

"నమస్కారం డాక్టర్‌గారూ. నేను దమయంతిని."

"ఆఁ, చెప్పమ్మా. ఉమాకాంత్ బాగున్నాడా? మీ అత్తగారొచ్చార్టగా?"

అత్తగారి గురించి మాట్లాడారు. ఆయన మనవరాలి కాలేజీ అప్లికేషన్ల గురించి మాట్లాడారు. ఆయన లాన్‌లో గడ్డి ఎండిపోతున్న సంగతి మాట్లాడారు. ఆయనే మధ్యలో, "అన్నట్టు ఉగాది ఫంక్షన్‌లో ఒక ఫ్రీ డెంటల్ క్యాంప్ పెడదామనుకుంటున్నాం. నువ్వు చెయ్యాలమ్మా" అన్నారు. దమయంతి చేస్తానంది. ఫోను పెట్టేశాక గాని తను చేసిందెందుకో గుర్తు రాలేదు.

లోపలికి వస్తూంటే మరిసెల ఆవిడ మొహం చూసి, "ఏం కొన్నారు?" అని అడిగింది.

"ఒక డెంటల్ క్యాంపు."

ఇద్దరూ కౌంటరు మీద వాలి పడి పడి నవ్వారు. కుర్చీలో వెయిట్ చేస్తున్న పేషెంటు కూడా ఎందుకో తెలియకుండానే నవ్వాడు. నవ్వు తగ్గాక మరిసెల కళ్ళు తుడుచుకుని, "ముందు అడిగెయ్యాలి డాక్టర్, అడిగిన తరవాత మాట్లాడకూడదు" అంది. "అసలు కిటుకంతా అదే. 'కార్డా, చెక్కా' అన్నాక నేనెప్పుడైనా నోరు విప్పానా? అడిగి ఊరుకోండి. ఆ ఊరుకోవడం కష్టంగానే ఉంటుంది. ఓర్చుకోండి."

మర్నాడు మళ్ళీ అదే కార్లో, అదే నంబరు. ఈసారి గడ్డి దాకా పోనివ్వలేదు.

"డాక్టర్‌గారూ, మా మరిసెల సిటీ కౌన్సిల్‌కి పోటీ చేస్తోంది. ఏప్రిల్లో మా ఇంట్లో చిన్న పార్టీ. మీరు రావాలి. ఐదువందల డాలర్లు ఇవ్వాలి."

అని ఊరుకుంది. అవతల నిశ్శబ్దం. దమయంతి స్టీరింగుని గట్టిగా పట్టుకుంది. 'మీకు వీలైతేనే' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఎవరమ్మా ఈ మరిసెల? మనవాళ్ళేనా?"

"మనవాళ్ళే. ఆదివారంపూట మీ పన్ను మీది క్రౌన్ ఊడిపోతే నాకు ఫోన్ చేసి, క్లినిక్ తెరిపించిన మనిషే."

"ఆ అమ్మాయా!" ఆయన గొంతు మారింది. "సరే, వస్తాను. డబ్బు సంగతి వచ్చాక చూద్దాం."

సగం పనైనట్టే. తరవాతి ఫోన్లు కారు దిగి క్లినిక్‌లోంచే చేసింది. పక్క కుర్చీలో కూర్చుని వింటున్న మరిసెల కూడా, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి తన ఫోను తీసి బెట్టీకి చేసింది. "బెట్టీ, మీ లాటరీ టిక్కెట్లు కొన్నాను కదా. ఇప్పుడు నువ్వు నాకు వంద డాలర్లు పంపు" అని పెదవులు బిగించి కూర్చుంది. బెట్టీ పంపింది. మద్రినాల మొదటి చెక్కు కూడా ఆ వెనకే వచ్చింది.

ఏప్రిల్లో ఒక శనివారం మధ్యాహ్నం దమయంతి ఇల్లు కళకళలాడింది. రాజేశ్వరమ్మ పులిహోర కలిపి, గారెలు వేసింది. ఒఫీలియా పెద్ద గిన్నెడు తమాలెలు తెచ్చింది. మొక్కజొన్న పిండిని కండె మీది పొట్టులో చుట్టి ఆవిరి మీద ఉడికించినవి. రాజేశ్వరమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, "ఇవి మన పొట్టిక్కలే కదుటే దమయంతీ! మనం ఇడ్లీపిండి పనసాకులో వేస్తాం, వీళ్ళు దీన్లో వేశారు" అంది. ఆ మాట చెబితే ఒఫీలియా పనసాకు ఎలా ఉంటుందని ఆరాతీసింది. భాష రాకపోయినా ఇద్దరూ వంటింట్లో చాలాసేపు చేతులతో మాట్లాడుకున్నారు.

ముచ్చటపడి రాజేశ్వరమ్మ పర్సులోంచి వంద డాలర్ల నోటు తీసి ఒఫీలియా చేతిలో పెట్టింది. ఒఫీలియా ఆ చేతిని రెండు చేతులతో మూసి, నోటు వెనక్కిచ్చేసింది. అమెరికా పౌరులో, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళో తప్ప ఎలక్షన్‌కి చందా ఇవ్వకూడదని చట్టం.

"మీకూ నాకూ ఒకటే రూలు పిన్నిగారూ" అన్నాడు గౌరీశంకర్. ఉమాకాంత్ ఆఫీసులో పనిచేసే కుర్రాడు, ఇంకా H-1B వీసా మీదే ఉన్నాడు. "టాక్స్ కట్టొచ్చుట, చందా కట్టకూడదుట. అందుకే ఊరంతా బోర్డులు పాతే పని నేను తీసుకున్నాను."

"ఓటుకి డబ్బిచ్చేవాళ్ళని చూశాను గాని, ఇస్తానంటే వద్దనేవాళ్ళని ఇక్కడే చూశాను" అంది రాజేశ్వరమ్మ. "సరే, గారెలు తినడానికైనా రూలు లేదు కదా?"

తెలుగువాళ్ళు ముప్ఫై మంది దాకా వచ్చారు. రామమోహనరావు గారు కొత్త కారు నీడలో పెట్టుకోవాలని వీధి చివర దాకా వెతికి మరీ వచ్చారు. అందరూ ప్లేట్లు పట్టుకుని వీసాల గురించి, ఇళ్ళ రేట్ల గురించి మాట్లాడుకుంటున్నారు. మరిసెల నీలం జాకెట్ వేసుకుని ఒక మూల నిలబడి, బట్టీపట్టిన ఉపన్యాసం పెదాలతో వల్లెవేసుకుంటోంది. దమయంతి గ్లాసు మీద చెంచాతో కొట్టి అందరినీ పిలవబోయింది.

అప్పుడే బయట ఆకాశం ఆకుపచ్చగా మారి, ఊరి సైరన్ మోగింది.

టోర్నడో సైరన్. ఆ ప్రాంతంలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. కిటికీలు లేని చోటికి పరిగెత్తాలి. దమయంతి ఇంట్లో అలాంటి చోటు కింద నడవా ఒకటి, మెట్ల కింద కోట్లు తగిలించుకునే క్లాజెట్ ఒకటి. అందరూ ఆ రెండింట్లోకి దూరారు. గుండె డాక్టరు గారు చలికోట్ల మధ్య నక్కారు. ఒఫీలియాతో వచ్చిన రిటైరైన జడ్జి గారు వాక్యూమ్ క్లీనరు మీద కూర్చున్నారు. రాజేశ్వరమ్మ గారెల పళ్ళెం వదలకుండా తెచ్చుకుంది. కరెంటు పోయింది. ఇంటి కప్పు మీద వడగళ్ళు, రాళ్ళు పోసినట్టు మొదలయ్యాయి.

ఇషా అనే ఆరేళ్ళ పిల్ల వాళ్ళమ్మ చీర పట్టుకుని గట్టిగా ఏడుపు అందుకుంది. చీకట్లో మరిసెల గొంతు వినిపించింది.

"ఇషా, నీకు నీళ్ళల్లో మునగడం వచ్చా?"

ఏడుపు కాస్త తగ్గింది. "రాదు. నాకు భయం."

"మా పెద్దమ్మాయికీ భయమే. మా ఊరి పూల్ గట్టు మీద వేసవి సగం దాకా కూర్చునే ఉంది. ఒకరోజు నేనూ దిగాను. ఇద్దరం చేతులు పట్టుకుని ఊపిరి బిగబట్టి మునిగాం. నీళ్ళ కింద చప్పుడేమీ ఉండదు తెలుసా? బయట ఎంత గోలగా ఉన్నా లోపల ఎంతో నిమ్మళంగా ఉంటుంది. ఏదీ, నాతో ఊపిరి పట్టు చూద్దాం."

ఇషా ఊపిరి పట్టింది. పక్కనున్న పిల్లలూ పట్టారు. పెద్దవాళ్ళు కూడా కొందరు తెలియకుండానే పట్టారు. అందరూ ఒక్కసారి వదిలేసరికి చీకట్లో నవ్వులు లేచాయి. అక్కణ్ణించి మరిసెల ఆగలేదు. ఆ పూల్లో ఊరిపిల్లలంతా కలిసే సంగతి, దాన్ని పూడ్చేస్తే వాళ్ళు వాగుకి పోతారన్న దిగులు, మైకు ముందు తనని 'నెక్స్ట్' అన్న సంగతి చెప్పింది. బట్టీపట్టిన ముక్క ఒక్కటీ అందులో లేదు. క్లినిక్‌లో పేషెంట్లతో మాట్లాడినట్టే మాట్లాడింది.

ఆవిడ చెప్పడం ఆపగానే దమయంతి లేచి నిలబడింది. పారిపోవడానికి ఈసారి పక్క గది లేదు.

"అందరూ వినండి" అంది. "మీకు ఫోన్లు చేసేదాకా నేను నా జన్మలో ఎవరినీ ఏదీ అడగలేదు. ఇప్పుడు ఎదురుగా అడుగుతున్నాను. మరిసెలకి మీరందరూ సాయం చెయ్యాలి. ఇవ్వకూడనివాళ్ళని అడగను. ఇవ్వగలిగినవాళ్ళు ఇవాళే ఇవ్వండి."

అని ఊరుకుంది. వడగళ్ళ మోత తప్ప ఇంకే చప్పుడూ లేదు. ఉమాకాంత్ ఎక్కడో గొంతు సవరించుకున్నాడు. దమయంతి మాత్రం నోరు విప్పలేదు.

కోట్ల వెనకనించి రామమోహనరావు గారి గొంతు వచ్చింది. "ముందా సైరన్ ఆగనియ్యమ్మా. చెక్‌బుక్కు కార్లో ఉంది."

సైరన్ కంటే గట్టిగా నవ్వారంతా.

టోర్నడో ఆ ఊరు తాకకుండానే దూరంగా పొలాల మీదుగా వెళ్ళిపోయింది. తలుపులు తీసేసరికి లాన్ నిండా నిమ్మకాయలంత మంచుగడ్డలు. వీధి చివర నీడలో పెట్టిన కొత్త కారు మీద మిగతా కార్లకి మించిన సొట్టలు. రామమోహనరావు గారు దాని చుట్టూ ఒకసారి తిరిగి, నిట్టూర్చి, చెక్‌బుక్కు తీశారు.

"కారుకి ఇన్సూరెన్స్ వాడిస్తాడు. పూల్‌కి మనమే ఇవ్వాలిగా" అని బానెట్ మీద పెట్టి రాశారు, అడిగినదానికి రెట్టింపు. ఆయన రాయడం చూసి తక్కినవాళ్ళు మెట్ల మీదా, కిచెన్ కౌంటరు మీదా కూర్చుని తలో చెక్కు రాశారు. చీకట్లో ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకున్నవాళ్ళు కదా, వీడ్కోళ్ళు కూడా చుట్టాల మధ్య వీడ్కోళ్ళలా జరిగాయి.

ఆ డబ్బుతో రెండు భాషల్లో కరపత్రాలు అచ్చయ్యాయి. గౌరీశంకర్ శని ఆదివారాలు ఊరంతా బోర్డులు పాతాడు. మరిసెల, దమయంతి ఇంటింటికీ తిరిగారు. తలుపు తీసినవాళ్ళని మరిసెల పిల్లల చదువులడిగేది, తల్లి మోకాళ్ళడిగేది, తరవాత ఓటడిగేది. ఒకావిడ వెంటనే వేస్తానని, తన పన్ను నొప్పి సంగతి కూడా చెప్పింది. దమయంతి అక్కడే, వాకిట్లో వెలుతురులో నోరు తెరిపించి చూసింది.

మే నెలలో ఓట్లు పడ్డాయి. ఫలితాలు తెలిసే సాయంత్రం అందరూ మరిసెల ఇంటి గరాజ్‌లో చేరారు. పెద్ద తేడా ఏమీ రాలేదు. ఒక పెళ్ళికి పిలిస్తే ఒక బస్సులో పట్టేంతమంది ఓట్లు ఎక్కువొచ్చాయి. కాని గెలుపు గెలుపే. ఒఫీలియా మరిసెలని కావిలించుకుని, వీపు మీద తడుతూ ఉండిపోయింది. మరిసెల కూతుళ్ళిద్దరూ రాజేశ్వరమ్మని లాక్కెళ్ళి డాన్స్ చేయించారు.

గరాజ్ ముందు ఒక పికప్ ట్రక్ వచ్చి ఆగింది. దిగినవాడు ఓడిపోయిన హార్లన్. ఆయన టోపీ తీసి మరిసెలకి షేక్‌హ్యాండ్ ఇచ్చాడు.

"కంగ్రాచ్యులేషన్స్ మ్యామ్. రేపట్నించి రోడ్ల మీద గుంతల ఫోన్లన్నీ మీకే. నా భార్య పండగ చేసుకుంటోంది" అన్నాడు. మరిసెల ఆయన్ని కూర్చోబెట్టి, ఒక ప్లేటు చేతిలో పెట్టింది. ఆయన మూడు తమాలెలు తిని గాని లేవలేదు.

పూల్‌ని పూడ్చాలన్న తీర్మానం ఆ వేసవిలోనే వీగిపోయింది. ఒక్క ఓటు తేడాతో. మరుసటేడు నీళ్ళు నింపారు. కౌన్సిల్ మీటింగులున్న సాయంత్రాలు మరిసెల తొందరగా వెళ్ళిపోయేది. అప్పుడు బిల్లుల సంగతి దమయంతే చూసుకునేది. బాగానే చూసుకునేది.

మరిసెల గెలిచిన ఏడాది చలికాలం రామమోహనరావు గారు క్లినిక్‌కి పళ్ళు క్లీన్ చేయించుకోవడానికి వచ్చి, కుర్చీ దిగాక కూడా కదలకుండా నిలబడ్డారు. ఆయన అలా తటపటాయించడం దమయంతి ఎప్పుడూ చూడలేదు.

"అమ్మా, మా కోడలు పద్మజ తెలుసుగా. ఫ్రిస్కో వైపు స్కూల్ బోర్డుకి నిలబడతానంటోంది. మీ మద్రినాలు మనవాళ్ళకేమైనా..."

దమయంతి అక్కడికక్కడే ఒఫీలియాకి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టింది. "మా నిధి లాటినాల కోసం. అందులోంచి ఇవ్వలేను" అంది ఒఫీలియా ఖచ్చితంగా. వెంటనే, "కాని ట్రైనింగుకి డబ్బక్కర్లేదుగా. శనివారం పంపించండి. రొట్టెలు కూడా ఉంటాయి" అంది.

శనివారం పద్మజ చంకలో రెండేళ్ళ కొడుకుతో, బెదురుచూపులతో బేకరీ వెనక గదిలోకి వచ్చింది. ఒఫీలియా పిల్లాణ్ణి అందుకుని, వాడి చేతికో రొట్టె ముక్క ఇచ్చింది. కౌన్సిల్ మెంబరు మరిసెల ఓంటివేరోస్ పిండి బస్తా పక్కకి జరిపి చోటు చేసింది.

దమయంతి కుర్చీ లాగి పద్మజని కూర్చోబెట్టి, ఫోను ఆ అమ్మాయి ముందుకి తోసింది.

"మొదట ఎవరికి చేద్దామమ్మా?"

"మా మామయ్యగారికి, ఆంటీ" అంది పద్మజ.